వరద మీటింగ్‌లో మా లంక వాళ్లే మాట్లాడాలంటే ఏం చేయాలి?

వైనతేయ రేవు:
అందరికీ నమస్కారం అండి. పి.గన్నవరం వైపు లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య ఉండే దీవుల్లో, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా వికలాంగులు, ఒంటరి ఆడవాళ్లు, కోడలు కువైట్ వెళ్తే మనవల్ని పెంచుతున్న ముసలివాళ్లు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో రాసిచ్చే కాగితం), పెన్షన్, ఆధార్‌లో తప్పులు, ఇవే పనులు. అర్జీ నేను రాస్తాను, వాళ్లు వేలిముద్ర వేస్తారు, సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో నేనే ఇచ్చి వస్తాను.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, నడవలేని వాళ్లని మంచంతో సహా ఎత్తి పడవలోకి దించారు. ఒకావిడ మూడు చక్రాల బండి ఇంట్లోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే చక్రాల నిండా ఒండ్రు, చైను బిగుసుకుపోయింది. ఆవిడే మొన్న నాతో, "పడవ ముందు ఎవరింటికి రావాలో మాకు తెలుసు. ఆ మాట మమ్మల్ని అడగమనండి" అంది.

వరదకు ముందు మండలంలో జరిగే మీటింగ్‌లో ఈ మాట ఆవిడ నోటితోనే చెప్పించాలని నా ఆశ. కానీ అందరికీ ఒకటే భయం: గట్టిగా మాట్లాడితే పెన్షన్, వికలాంగులకైతే నెలనెలా వచ్చే 6,000, పోతుందేమోనని. సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షిస్తున్నారన్నప్పటి నుంచి ఆ టెన్షన్ ఇంకా పెరిగింది. ఇలాంటి పని చేసినవాళ్లు దారి చెప్పండి.

ఏటిగట్టు మాస్టారు:
అమ్మా, నేను పంచాయతీ కార్యదర్శిగా రిటైర్ అయ్యాను. ముందు ఆ భయాన్ని తీసిపారేయకండి. "ఏం కాదులే" అని మీరు హామీ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. ఒక్కరి పేరు మీద కాకుండా పదిమంది సంతకాలతో అర్జీ పెట్టండి. విషయం గ్రామసభలో పెట్టించి తీర్మానం రాయించండి. తీర్మానం పుస్తకంలో ఎక్కితే అది ఊరి కోరిక అవుతుంది, ఫలానా ఆవిడ ఫిర్యాదు అవదు. అర్జీ ఎక్కడ ఇచ్చినా రసీదు మాత్రం వదలొద్దు.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 8 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర వికలాంగుల వివరాల రికార్డు ఉండాలి, ప్రమాదం గురించి వాళ్లకి ముందుగా తెలిసే ఏర్పాటూ చేయాలి. ఆ రికార్డులో మా ఊరి పేర్లు ఉన్నాయా అని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు అడిగితే ఫీజు లేదు కాబట్టి ఆ దరఖాస్తు వాళ్ల పేరుతోనే వెళ్లనివ్వండి.

నరసాపురం చక్రాల కుర్చీ:
నేను ఈ కుర్చీలో ఉండే ఇలాంటి మీటింగులకి వెళ్తుంటాను. మాస్టారు గారు చెప్పినవి కాగితం పనులు, అవీ కావాలి. కానీ మనిషి మైకు దాకా రావాలంటే వేరే పనులున్నాయి.

మొదటిది డబ్బు. కొబ్బరి పీచు పనికి వెళ్లే ఆవిడ మీటింగ్‌కి వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆటో, పడవ, తోడు వచ్చే మనిషి కూలి కూడా మీ సంస్థ లెక్కలో రాయండి. మీరు వెళ్తే టీఏ (ప్రయాణ ఖర్చు) రాసుకుంటారు కదా, ఆవిడకెందుకు ఉండకూడదు? చివరి పడవ వెళ్లిపోయే టైముకి మీటింగ్ పెట్టారంటే మమ్మల్ని రావద్దన్నట్టే. హాలు మేడ మీద ఉంటే కింద గదిలో పెట్టమని ముందే ఉత్తరం ఇవ్వండి.

రెండోది, నాకు బాగా కోపం తెప్పించేది. ఎవరి కథ వింటే కన్నీళ్లొస్తాయో వాళ్లనే వేదిక ఎక్కిస్తారు. మొగుడు ఎలా పోయాడు, కాళ్లు ఎలా పోయాయి, అన్నీ చెప్పిస్తారు, ఫొటోలు తీస్తారు, పేపర్లో వేస్తారు. పడవ గురించి మాట్లాడ్డానికి ఆవిడ జీవితం మొత్తం విప్పి చూపించక్కర్లేదు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో, ఫొటో ఉండాలో వద్దో ముందురోజు ఆవిడే తేల్చుకోవాలి. పొద్దున్న మనసు మారితే అదీ సరే.

ఇంకోటి. అధికారి ప్రశ్న ఆవిణ్ణి అడుగుతూ జవాబు కోసం మీ మొహం చూస్తారు. ప్రతిసారీ జరుగుతుంది. అప్పుడు మీరు నోరు తెరవకండి, ఆవిడ వైపు తిరగండి. ఎంతసేపు మౌనంగా ఉన్నా సరే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒకరు తహసీల్దారులా అడుగుతూ ముందే రెండుసార్లు ఆడి చూసుకుంటే ఆ మౌనం తగ్గుతుంది.

అంబాజీపేట డ్వాక్రా:
మా సంఘంలో కొందరు ఎంత చెప్పినా మాట్లాడరు. వాళ్లని బలవంతం చేయకండి అక్కా. ఏ ఇంట్లో నడవలేని మనిషి ఉన్నారో, ఎవరికి రోజూ ఇన్సులిన్ కావాలో వీధి పటం గీసి పెట్టడం వాళ్లకి మాకంటే బాగా వచ్చు. అదీ పాల్గొనడమే.

వైనతేయ రేవు:
అందరికీ చాలా థాంక్స్ అండి. కూలి, పడవ ఖర్చు మా సంస్థలో అడిగాను, ఒప్పుకున్నారు. వీధి పటం ఈ ఆదివారమే మొదలుపెడతాం. ఏ ఇంటి వివరం రాయాలో ఆ ఇంటివాళ్లనే అడుగుతాం, జబ్బుల పేర్లు మాత్రం బయట కాగితం మీద పెట్టం. మూడు చక్రాల బండి ఆవిడ మాట్లాడతానంది, తోడుగా ఇంకో ఇద్దరు కావాలంది. ఫొటో వద్దంది.

పటం మాట వచ్చేసరికి ఇంకో ప్రశ్న లేచింది. మా లంకలో పుట్టు చెవుడు ఉన్న ఇద్దరు అన్నదమ్ములున్నారు. ప్రమాద హెచ్చరిక మైకులో చెప్తారు, అది వాళ్లకి వినపడదు. రాత్రిపూట వాళ్లకి కబురు ఎలా చేరాలి? మీ ఊళ్లలో ఎవరైనా ఏదైనా ఏర్పాటు చేసి ఉంటే చెప్పండి, తీర్మానంలో అదీ రాయిస్తాం.