నాంత్ నగరం బ్రిటనీదా, కాదా? మీరేమంటారు?

లువార్ తీరం:
అందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లో ఉన్న ఈ నాంత్‌కి వచ్చి ఆరేళ్లయింది, ఒక విషయం మీ అందరితో తేల్చుకోవాలని ఉంది. ఇక్కడ కార్ల నంబర్ ప్లేటుకి కుడి చివర నీలం పట్టీ ఉంటుంది. అందులో ప్రాంతం గుర్తు, దాని కింద జిల్లా నంబరు. మా జిల్లా లువార్-అట్లాంటిక్, నంబరు 44. దాంతో పాటు మామూలుగా వచ్చేది పేయి ద లా లువార్ ప్రాంతం గుర్తు. మా పక్కింటి పెద్దాయన ఆ గుర్తు కనపడకుండా దాని మీద బ్రిటనీ జెండా స్టిక్కర్ అంటించారు, నలుపు తెలుపు చారల జెండా. రూల్స్ ప్రకారం తప్పే. ఎందుకండీ అనడిగితే, "నేనూ ఇక్కడే పుట్టాను, మా నాన్నా ఇక్కడే పుట్టాడు, మేం బ్రెటన్లం. ప్యారిస్‌లో ఎవరో గీత గీస్తే మారిపోతామా?" అన్నారు.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక కథ. బ్రిటనీ అంటే ఫ్రాన్స్‌కి పడమట అట్లాంటిక్‌లోకి పొడుచుకొచ్చిన ద్వీపకల్పం. 1532లో ఫ్రాన్స్‌లో కలిసేదాకా డ్యూక్‌ల ఏలుబడిలో ఉండేది, ఆ డ్యూక్‌ల కోట మా నాంత్ నడిబొడ్డునే ఉంది. విప్లవం వచ్చాక 1790లో బ్రిటనీని ఐదు జిల్లాలు చేశారు, మాది వాటిలో ఒకటి. 1941 జూన్ 30న, జర్మన్ల ఆక్రమణ రోజుల్లో, వాళ్లతో చేతులు కలిపిన ఫ్రాన్స్ విషీ ప్రభుత్వం మా జిల్లాను తీసి ఆంజే కేంద్రంగా ఉన్న ప్రాంతంలో పడేసింది. యుద్ధం అయిపోయింది, విషీ పోయింది, కానీ 1950లలో కొత్తగా ప్రాంతాలు గీసినప్పుడు కూడా బ్రిటనీకి నాలుగు జిల్లాలే దక్కాయి. 2016లో దేశంలోని 22 ప్రాంతాలను 13కి కుదించారు. అప్పుడూ మా గీత కదల్లేదు. నా మనసు పెద్దాయన వైపే ఉంది. మీరు చెప్పండి.

పటాల పిచ్చి:
నేను ఒప్పుకోనండీ. నేను ల మాన్‌లో చదువుకున్నాను, అదే పేయి ద లా లువార్‌లో, కాబట్టి ఆ వైపు నుంచి మాట్లాడతాను. ముందు ఆ విషీ మాట పక్కన పెట్టండి. ప్రతి చర్చలో అదే తెస్తారు, వినగానే అందరికీ కోపం వస్తుంది కాబట్టి. విషీ ప్రాంతాలు యుద్ధంతోనే పోయాయి. ఇప్పుడున్న గీత 1950లలో ప్రణాళికల కోసం అధికారులు గీసింది. నాంత్, బ్రిటనీ కేంద్రమైన రెన్ రెండూ పెద్ద నగరాలు, రెండింటినీ ఒకే ప్రాంతంలో పెడితే దాని పక్కన ఇంకో ప్రాంతం బతకదని లెక్క వేసుకున్నారు. తప్పయితే తప్పనండి, కానీ నాజీల కుట్ర మాత్రం కాదు.

అసలు విషయం ఇంకొకటి. నాంత్ వెళ్లిపోతే పేయి ద లా లువార్‌లో మిగిలిన నాలుగు జిల్లాల గతేమిటి? ప్రాంతంలో దాదాపు 38 లక్షల జనం, అందులో 14 లక్షల పైచిలుకు మీ జిల్లాలోనే. ఆంజే, ల మాన్, లవాల్, వాందే వాళ్ల రైళ్లు, లీసేల (హైస్కూళ్ల) బడ్జెట్ అన్నీ ఈ డెబ్భై ఏళ్లలో నాంత్ చుట్టూ అల్లుకున్నాయి. మీ గుండెకి హాయిగా ఉంటుందని వాళ్ల ఇల్లు సగం కూల్చేస్తారా?

ఇంకోటి, నాంత్‌లో బ్రెటన్ భాష మాట్లాడేదెవరు? ఆ ఊరు పెరిగింది సముద్ర వ్యాపారంతో. అందులో బానిసల వ్యాపారం కూడా ఉంది, ఫ్రాన్స్ నుంచి వెళ్లిన బానిస ఓడల్లో నూటికి నలభైకి పైగా నాంత్‌వే. ఆ చరిత్రకి నది ఒడ్డునే 2012లో స్మారకం కట్టారు. దాని కథ దానిదే, బ్రిటనీ కథలో ఒదగదు.

ఉప్పు వెన్న:
పటాల పిచ్చి గారూ, విషీ సంగతి మీరు చెప్పింది నిజమే, అది ఒప్పుకుంటాను. కానీ భాష మాట పట్టుకుని నాంత్‌ని బయట పెట్టడం మాత్రం అన్యాయం. భాషే కొలబద్ద అయితే రెన్‌ని కూడా బయట పెట్టాలి, అక్కడి పాత మాట గాలో, అది ఫ్రెంచ్‌కి చుట్టం. బ్రెటన్ అంటే 5, 6 శతాబ్దాల్లో బ్రిటన్ నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ల మాట, వెల్ష్‌కి దగ్గర, అది పడమటి సగంలో నిలిచింది. తూర్పు సగం చాలావరకు శతాబ్దాల పాటు గాలో మాట్లాడుతూనే బ్రిటనీగా ఉంది. ఆ జెండానే చూడండి, తొమ్మిది చారలు: ఐదు నలుపు తూర్పు పాత బిషప్ ప్రాంతాలకి, నాలుగు తెలుపు పడమటి వాటికి. ఆ ఐదు నల్లచారల్లో ఒకటి నాంత్‌దే! చార పీకేసి జెండా ఎగరేయమంటే ఎలాగండీ?

ఆ పడమటి మాట కూడా చిక్కిపోతోంది, ఈమధ్య సర్వేలో ఐదు జిల్లాలూ కలిపి మాట్లాడేవాళ్లు సుమారు 1,07,000 మందే. ఒకప్పుడు బడిలో బ్రెటన్ మాట్లాడిన పిల్లల మెడలో చెప్పు లాంటిదేదో శిక్షగా వేలాడదీసేవారు. అలా పోగొట్టి, ఇప్పుడు "మీ దగ్గర భాష లేదు కదా" అనడం నాకు చాలా బాధగా ఉంటుంది.

నేను గెరాంద్ ఉప్పు మడులు చూశాను, అవి మీ 44లోనే ఉన్నాయి. పక్కనే బాత్స్ అనే ఊరు, 20వ శతాబ్దం మొదలుదాకా అక్కడ ముసలివాళ్లు బ్రెటన్ మాట్లాడేవాళ్లు. మన చినగంజాం ఉప్పు మడులు చూసినవాళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు. మట్టి గట్లు, మోకాలు కూడా తడవని నీళ్లు, పొడుగాటి కర్రకి అడ్డపలక కట్టి ఉప్పుని గట్టు వైపు లాగుతారు. అడుగున బంకమట్టి కాబట్టి ఉప్పు బూడిద రంగులో ఉంటుంది. పైన తేలే తెల్లటి పొరని మాత్రం సాయంత్రం చేత్తో వేరుగా తీస్తారు. మిగతా ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ఉప్పు మీద మోయలేనంత పన్ను ఉన్న కాలంలో బ్రిటనీకి అది లేదు. 1532 ఒప్పందంలో నిలబెట్టుకున్న హక్కుల్లో అదొకటి. అందుకే అక్కడ వెన్నలో ఉప్పు వేసుకునే అలవాటు నిలిచింది, నా పేరు అక్కడి నుంచే పెట్టుకున్నాను. సరిహద్దు దాటి ఆంజే వైపు ఉప్పు దొంగతనంగా మోసినవాళ్లని పట్టుకుని ఓడల్లో తెడ్లు వేయడానికి పంపేవాళ్లు. అంటే ఆ రోజుల్లో నాంత్‌కీ ఆంజేకీ మధ్య ఎంత గోడ ఉందో చూడండి. ఇప్పుడు ఆ రెండూ ఒకే ప్రాంతం!

ఇంకా ఆన్ రాణి గురించి చెప్పకుండా ఉండలేను. ఇద్దరు ఫ్రాన్స్ రాజుల్ని పెళ్లాడిన బ్రిటనీ డచెస్, నాంత్ కోటలో 1477లో పుట్టింది. 1514లో చనిపోతే దేహం ప్యారిస్ దగ్గర రాజుల సమాధుల్లోకి వెళ్లింది, గుండె మాత్రం బంగారు భరిణెలో నాంత్ చేరింది. 2018లో ఆ భరిణె మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోతే ఊరంతా టెన్షన్ పడింది. సాన్-నజేర్ దగ్గర మట్టిలో పాతిపెట్టి ఉండగా దొరికింది.

యానాం కుర్రాడు:
అన్నలూ, అక్కా, నేనో మాట చెబుతాను. ఉప్పు వెన్న అక్క చెప్పిన చరిత్రకి ఇంకోటి కలుపుతాను: ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల రేవు లోరియాఁ బ్రిటనీలోదే, 1666లో కంపెనీ కోసమే పుట్టిన ఊరు. కానీ మన వైపు నుంచి వెళ్లిన సరుకు వేలం 1730ల దాకా నాంత్‌లో జరిగేది. అంటే ఆ రెండు ఊళ్లూ ఒక్క చేతి వేళ్లే.

అయినా చరిత్ర ఒక్కటే గీత గీయాలంటే నాకు భయం. మా యానాం చుట్టూ ఆంధ్రా, మా మాట తెలుగు, పాలన మాత్రం ఎక్కడో ఉన్న పుదుచ్చేరిది. ఫ్రెంచ్ వాళ్లు 1954లో వెళ్లిపోయినా ఆ గీత మిగిలింది. పటం చూసినవాళ్లందరూ "ఇదేంటి, ఆంధ్రాలో కలిపేయొచ్చుగా" అంటారు. నేనైతే ఒప్పుకోను. పెన్షన్ల నుంచి సీట్ల దాకా మా బతుకు ఈ గీతకి అలవాటు పడింది, యానాం అంటే యానామే. కాబట్టి బయటివాళ్లు పటం చూసి తీర్పు చెప్పకూడదు, అక్కడ ఉన్నవాళ్లని అడగాలి. నాంత్ వాళ్లని ఎవరైనా అడిగారా?

లువార్ తీరం:
తమ్ముడూ, అడగమని వాళ్లే మొత్తుకున్నారు. 2018లో జిల్లాలో లక్ష సంతకాలు సేకరించి జిల్లా సభకిచ్చారు. ఆ డిసెంబర్‌లో సభ రెఫరెండం పెట్టమని ప్యారిస్‌ని కోరుతూ తీర్మానం చేసింది. 2021లో నాంత్ నగర సభ కూడా అదే కోరింది. ఓటు మాత్రం ఇప్పటికీ జరగలేదు. మెజారిటీ కలవాలనే అంటున్నట్టు సర్వేలు మళ్లీ మళ్లీ చెబుతున్నా ఇదీ పరిస్థితి.

పటాల పిచ్చి:
ఓటు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ 44 ఒక్కదాన్నే అడిగితే సరిపోదు. జిల్లా ప్రాంతం మారడం గురించి 2015 చట్టం కూడా జిల్లా సభతో పాటు రెండు ప్రాంతాల సభలూ ఒప్పుకోవాలనే అంది. విడిపోయేది ఒకరైనా నష్టం మిగిలినవాళ్లది కదా.

ఉప్పు వెన్న:
అలాగైతే ఎప్పటికీ జరగదండీ. 1941లో గానీ 1950లలో గానీ తీసేటప్పుడు ఎవరినీ అడగలేదు, తిరిగి వస్తామంటే మాత్రం మూడు సభలు తల ఊపాలా? మిగిలిన నాలుగు జిల్లాలకి ఏం చేయాలో ముందే రాసుకోండి, డబ్బు ఎంతివ్వాలో తేల్చండి, రైళ్లు ఆపొద్దు. దానికి నేనూ సరే. కానీ మొదటి మాట 44 వాళ్లదే కావాలి.

లువార్ తీరం:
నేను మొదట రాసినప్పుడు ల మాన్ వైపు ఆలోచించనే లేదు, పటాల పిచ్చి గారికి థ్యాంక్స్. అయినా ఓటు ముందు మా జిల్లాలోనే జరగాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది, డబ్బు లెక్కలు ఆ తర్వాత అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఉప్పు వెన్న గారూ, పెద్దాయన్ని గెరాంద్ తీసుకెళ్దామనుకుంటున్నాను, ఎప్పుడు వెళ్తే ఆ తెల్ల పొర తీయడం కనపడుతుంది?

ఉప్పు వెన్న:
జూన్ నుంచి సెప్టెంబర్ లోపు వెళ్లండి. వాన పడని రోజు, తూర్పు గాలి పొడిగా వీస్తుంటే ఇంకా మంచిది, సాయంత్రం పూట వెళ్లండి. పెద్దాయన్నే దారి చెప్పమనండి, ఆయనకి తెలిసే ఉంటుంది.