గుండె నరాల పనితీరుకూ ధమనుల బిరుసుతనానికీ సంబంధం ఏమిటి?

ప్రశ్న (నరసరావుపేట నుంచి)

నమస్కారం. మా నాన్నగారు చాలా ఏళ్లుగా టైప్ 2 మధుమేహంతో ఉన్నారు. ఇటీవలి పరీక్షలలో, దీర్ఘంగా ఊపిరి తీసి వదిలేటప్పుడు ఆయన గుండె వేగంలో రావలసినంత హెచ్చుతగ్గు రావడం లేదని, గుండెను నడిపే అసంకల్పిత నరాలు దెబ్బతిన్నాయని తేలింది. మరొక పరీక్షలో, మెడ ధమనికీ తొడ ధమనికీ మధ్య నాడీ తరంగం (గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమనుల్లో సాగే ఒత్తిడి అల) సెకనుకు 12 మీటర్ల వేగంతో సాగుతోందని, అంటే ధమనులు బిరుసెక్కాయని చెప్పారు. రెండు నివేదికలనూ ఇద్దరు నిపుణులు విడివిడిగా చూశారు గాని, వీటి మధ్య సంబంధం ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. నరం చెడినందువల్ల ధమని గట్టిపడిందా, ధమని గట్టిపడినందువల్ల నరం మందగించిందా, లేక రెండూ మధుమేహం నుంచే వచ్చాయా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు)

మీరు అడిగిన మూడింటికీ ఆధారాలున్నాయి. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోటా, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోనూ ఒత్తిడిని గ్రహించే నరాల కొసలుంటాయి. అవి రక్తపోటును నేరుగా కొలవవు. ధమని గోడ ఎంత సాగిందన్నదే వాటికి తెలుస్తుంది. గోడ బిరుసెక్కితే అదే రక్తపోటుకు తక్కువగా సాగుతుంది కనుక మెదడుకు చేరే సమాచారం బలహీనపడుతుంది, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పని తగ్గుతుంది, గుండెను ఉరికించే సింపథెటిక్ నరాలది పైచేయి అవుతుంది. ఆ నరాలే ధమని గోడలోని కండరాన్ని బిగిస్తాయి, విశ్రాంతిలో కూడా గుండె వేగాన్ని పెంచుతాయి. దానితో గోడ మరింత బిగుసుకుంటుంది. ఒకసారి మొదలైతే ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

నరం వైపు నుంచి ధమని చెడుతుందనడానికి ఒక బలమైన దృష్టాంతం ఉంది. కాళ్లకు రక్తప్రసరణ పెరగాలని ఒకప్పుడు నడుము దగ్గర సింపథెటిక్ నరాలను శస్త్రచికిత్సతో తెంచేవారు. అలా తెంచిన వైపు కాలి ధమనుల మధ్యపొరలో సున్నం పేరుకుంటున్నదని 1983లో ప్రచురితమైన ఒక పరిశీలన చూపింది; మధుమేహం లేనివారిలోనూ ఇది కనిపించింది. అంటే నరాల అదుపు అతిగా ఉన్నా ధమనికి చేటే, అది పూర్తిగా పోయినా చేటే.

జవాబు (జనరల్ ఫిజీషియన్)

మూలకారణం గురించి ఒక మాట చేరుస్తాను. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది ధమని గోడలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకుని వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. గోడ సాగే గుణం అలా పోతుంది. అదే చక్కెర నరాలకు రక్తం అందించే సన్నని నాళాలనూ దెబ్బతీస్తుంది. వేగస్ శరీరంలోని అతి పొడవైన అసంకల్పిత నరం కనుక ముందుగా దెబ్బతినేవాటిలో అది ఒకటి.

నాడీ తరంగ వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే బిరుసుతనం ఎక్కువని లెక్క. అయితే వయసుతో పాటు ఆ వేగం సహజంగానే పెరుగుతుంది, పరీక్ష సమయానికి ఉన్న రక్తపోటును బట్టి కూడా మారుతుంది. అందువల్ల ఆ అంకె కంటే ముందు నేను అడిగేది, నాన్నగారికి నిలబెట్టి రక్తపోటు చూశారా అని. కాసేపు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే దాన్ని తప్పక పట్టించుకోవాలి. ధమనులు బిరుసెక్కినవారికి కూర్చున్నప్పుడు పై అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఒక్క అంకెనే చూసి బీపీ మాత్రలు పెంచితే, నరాలు చెడినవారు మంచం దిగగానే కళ్లు తిరిగి పడిపోతారు. తుంటి ఎముక విరిగిన పెద్దవారిని చూసినప్పుడల్లా ఈ చిన్న పరీక్ష ముందే జరిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మరొక ముఖ్య విషయం: ఈ స్థితిలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. కారణం తెలియని ఆయాసం, చెమటలు, ఉన్నట్టుండి నీరసం వస్తే గ్యాస్ అనుకుని ఆగకుండా వెంటనే ఈసీజీ తీయించాలి. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు వైద్యునికి ఈ నివేదిక చూపించాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిలబెట్టి ఎవరూ చూడలేదు, రేపే చూపిస్తాను. జరిగిన నష్టం వెనక్కి వస్తుందా?

జవాబు (జనరల్ ఫిజీషియన్)

పూర్తిగా వెనక్కి రావడం అరుదు, కానీ నష్టం ముదిరే వేగాన్ని తగ్గించవచ్చు. డెన్మార్క్‌లో 160 మంది టైప్ 2 రోగులపై జరిగిన స్టెనో-2 అధ్యయనంలో చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్, ఆహారం, వ్యాయామం, పొగ మానడం అన్నింటినీ కలిపి పట్టుకున్నవారిలో అసంకల్పిత నరాల వ్యాధి ముదరడం స్పష్టంగా తగ్గింది; పాదాల నరాలకు మాత్రం అంత మేలు కనిపించలేదు. రోజూ నడక ధమనులకూ గుండె లయకూ మేలు చేస్తుంది. అయితే కఠినమైన వ్యాయామం మొదలుపెట్టే ముందు గుండె వైద్యుని చేత పరీక్ష చేయించండి. చక్కెరను ఒక్కసారిగా బాగా దించే ప్రయత్నం వద్దు. నరాలు మందగించినవారికి చక్కెర పడిపోతున్నప్పుడు రావలసిన గుండెదడ, వణుకు వంటి హెచ్చరికలు సరిగా అందవు. ఆయన ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ అనే చక్కెర మాత్ర గాని వాడుతుంటే ఈ సంగతి మీ వైద్యునితో ప్రత్యేకంగా మాట్లాడండి.