వరికోత మిషన్లతో ఊళ్లు బాగుపడ్డాయా, కూలోళ్ల పొట్ట కొట్టాయా?

కోవూరు కుర్రోడు:
మొన్న కోతలప్పుడు ఊరికి పోయా. నేను టిఫిన్ తిని చేనుకాడికి పోయేసరికి మూడెకరాల్లో సగం అయిపోయింది, మధ్యాన్నానికల్లా వడ్లు ట్రాక్టర్లో ఉండాయి. నా చిన్నప్పుడు అదే చేనికి ఇరవై మంది దాకా వచ్చేవాళ్లు, కోసి పనలేసి ఆరినాక కట్టలు కట్టి కుప్పేసి నూర్చి తూర్పారబట్టి, ఆఖర్న ముసలోళ్లు పరిగె ఏరుకునేదాకా చేను నిండా మనుషులే. ఈసారి ఎప్పుడూ కోతకొచ్చే అక్క ఒక్కతే కొడవలి పట్టుకోని గట్టు మీద కూర్చోనుంది. మిషన్ తిరగని మూలలు కొయ్యడానికి పిలిచారంట. గంట పని, అంతే. నాయనకి పుట్టి వడ్లకి అయ్యే ఖర్చు తగ్గింది, కాదనను. కానీ ఆ అక్కకి పోయిన పనిదినాలు ఎవరి లెక్కలో రాయాలి?

బుచ్చి రైతు:
తమ్ముడూ, కోతలకొచ్చి రెండ్రోజులుండి పోయేవాడికి అట్టే అనిపిస్తది. నడుం వంచి కోసినోళ్లని అడుగు, వాళ్లు ఎవరైనా కూతుర్ని ఆ పనికి పంపుతారేమో. ఓ ఏడు ఎడగారు, అదే రెండో పంట, కోతకొచ్చి మబ్బులు కమ్మితే ఇంటింటికీ తిరిగినా, ముందే డబ్బులిస్తామన్నా ఒక్కరు రాలా, పడిపోయిన వరి చేలోనే మొలకెత్తింది, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేకుండా ఉండా. మన నెల్లూరు జిల్లాలో కుర్రోళ్లు పెయింటింగ్ పనికీ ఆటోలకీ పోతుండారు, నాయుడుపేట సూళ్లూరుపేట వైపు ఆడపిల్లలు బస్సులెక్కి తడ, శ్రీసిటీ ఫ్యాక్టరీలకి పోతుండారు. మిషనొచ్చి కూలోళ్లు పోలేదబ్బయ్యా, కూలోళ్లు పోయినాకే మిషనొచ్చింది.

చీమకుర్తి నుంచి:
అన్నా, మీరు చెప్పింది పిల్లోళ్ల సంగతి. గట్టు మీద కూర్చున్న ఆ అక్క యాభై ఏళ్లకి ఏ ఫ్యాక్టరీ బస్సెక్కుతుంది?
మా నాన్న గ్రానైట్ క్వారీలో రాయికి వరసగా బెజ్జాలేసి చీలికలు దిగ్గొట్టి బండ విడగొట్టేవాడు, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా దగ్గే. ఇప్పుడు డైమండ్ వైర్ సా, అంటే వజ్రపు పూసల తీగ రంపం, నీళ్లు పోసుకుంటా కోసుకుపోతుంది. అందుకే నేను మిషన్ని తిట్టను. కానీ మిషన్ల వల్ల అందరికీ మేలే అని ముందు నమ్మిన ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో కూడా, 1821లో తన పుస్తకం మూడో ఎడిషన్లో మిషన్ల మీద కొత్త అధ్యాయం చేర్చి, కూలోళ్లకి నిజంగానే నష్టం జరగొచ్చని ఒప్పుకున్నాడు. ఖర్చు తగ్గితే మిగిలిన డబ్బుతో ఇంకో చోట పని పుడుతుందంటారు, పుడుతుంది, ఆ ఇంకో చోటు ఎక్కడన్నదే గొడవ. మా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి బ్లాకులు బ్లాకులుగా ఓడెక్కి చైనా పోతే కోత, పాలిష్ పని కూడా దాంతోనే పోయినట్టు గదా.

కోవూరు కుర్రోడు:
బుచ్చి అన్న మాట ఒప్పుకుంటా, ఆ పని సుఖమైన పనని నేను అనలా, మా అమ్మ నడుం నొప్పి నాకు తెలుసు. చీమకుర్తి అన్న చెప్పిందే నాకు పట్టుకుంది. మా చేలో దిగిన చైన్ మిషన్ తమిళనాడుది, డ్రైవర్ కూడా ఆ రాష్ట్రమోడే, బాడుగ డబ్బులు ఆ సాయంత్రమే జిల్లా దాటినాయి. ముందు ఆ డబ్బులు కూలిగా పోయి ఊళ్లో అంగడికీ, టీ కొట్టుకీ, దర్జీకీ చేరేవి. ఇప్పుడు చేను పండుతుంది, బజారు ఎండుతుంది.
1992లో దూబగుంట ఆడోళ్లు సారా అంగళ్ల మీదకి పోయింది మన జిల్లాలోనే, ఆ తర్వాత ఆడోళ్ల సంఘాల్లో రోజుకో రూపాయి పొదుపు మొదలైందీ ఈడే. రూపాయి రూపాయి కూడబెట్టి బ్యాంకు లోను తెచ్చి తీర్చిన ఆడోళ్లు, వరికోత మిషన్ ఎందుకు కొనకూడదు? కోతకి పోయిన ఆ అక్కే అందులో వాటాదారైతే బాడుగ ఆమె ఇంటికే వస్తది, మిషన్ ఎంత తొందరగా కోస్తే ఆమెకంత లాభం.

బుచ్చి రైతు:
కొనడం కాదు తమ్ముడూ కష్టం, ఏడాదిలో దానికి పనుండేది కొన్ని వారాలే, మిగతా రోజులు షెడ్లో పెట్టి కిస్తీ ఎట్టా కడతారు? ఆ తమిళనాడు వాళ్లు నెల్లూరు కోతలయ్యాక ఇంకో జిల్లాకి పోతారు కాబట్టే గిట్టుబాటవుతుంది.

కోవూరు కుర్రోడు:
అయితే మన సంఘం మిషన్ కూడా పోవాల అన్నా, ఒంగోలు దాటి బాపట్ల దాకా పోవాల. మీ వైపు ఎవరైనా సంఘం పేరు మీద మిషన్ నడుపుతుంటే గంటకెంత తీసుకుంటుండారో, డ్రైవర్ని ఎట్టా కుదుర్చుకున్నారో ఈడ రాయండి, నేను ఊరికి పోయినప్పుడు ఆ కాయితం పట్టుకోని మాట్లాడతా.