హాల్లో గేమింగ్ కంప్యూటర్: ఇంట్లో ఉన్న పాత పార్టులు వేసి నడపాలా, అమ్మేసి కొత్తది కొనాలా?

నెల్లూరు నాన్న (వేదాయపాళెం):
అందరికీ నమస్కారం. మా హాల్లో టీవీకి తగిలించిన అసెంబుల్డ్ కంప్యూటర్ ఒకటి ఉంది. ఐ5-4570 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, పాత హార్డ్‌డిస్క్, విండోస్ 10. గ్రాఫిక్స్ కార్డు లేదు. పొద్దున నేను బ్యాంకు పనులు చూసుకుంటాను, సాయంత్రం ఇంటర్ చదివే మా అబ్బాయి, ఎనిమిదో తరగతి అమ్మాయి ఆడుకుంటారు. మా బావమరిది హైదరాబాదులో తన కంప్యూటర్ మార్చుకుంటూ పాత జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఒక 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ మావాడికి ఇచ్చేశాడు. బిగించేయండి బావా, జీటీఏ 5 గేము హాయిగా నడుస్తుంది అంటాడు. ఇక్కడ ట్రంకు రోడ్డులో ఒక షాపులో అడిగితే ఈ బోర్డు మీద ఏమీ వేయొద్దు సార్, మొత్తం మార్చేయండి అని అరవై వేల పైచిలుకు కొటేషన్ రాసిచ్చారు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు వాసి:
షాపువాళ్ల మాటే వినండి. మీది 2013 నాటి ప్రాసెసర్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. కార్డు సంగతీ అంతే. 1060 వచ్చింది 2016లో, ఆ తరం కార్డులకు కొత్త గేముల డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబరుతో ఆపేస్తామని, ఇక 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమేనని ఆ కార్డు కంపెనీ ఎన్విడియానే ప్రకటించింది. ఊరికే వచ్చిందని ఇవాళ కార్డు బిగిస్తారు, రేపు దానికి ఎస్ఎంపీఎస్ (లోపల అన్నిటికీ పవరిచ్చే డబ్బా) చాలదంటారు, ఎల్లుండి క్యాబినెట్‌లో వేడి అంటారు, ఆ తర్వాత యూపీఎస్. ప్రతిసారీ చిన్న ఖర్చే అనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి జేబు ఖాళీ, బోర్డు మాత్రం అదే.

కావలి రిపేర్లు:
ఒంగోలు అన్నా, తేదీల్లో మీతో నాకు పేచీ లేదు. కానీ ఊరికే వచ్చిన కార్డును బీరువాలో పెట్టి అరవై వేలు ఖర్చు పెట్టమనడం నాకు అస్సలు నచ్చలేదు. ఇద్దరు పిల్లలు సాయంత్రం పూట మైన్‌క్రాఫ్ట్, జీటీఏ 5 ఆడుకోవడానికి అంత అక్కర్లేదు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

నెల్లూరు సార్, ముందు ఎస్ఎస్‌డీ పెట్టించండి. మీరు బ్యాంకు పని కోసం స్విచ్ వేసి కూర్చునే ఆ ఎదురుచూపు దానితోనే చాలావరకు పోతుంది. హెచ్81 బోర్డులో డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగుంటే వాటిలో రెండే సెకనుకి 6 గిగాబిట్ల వేగానివి, రంగు తేడా గానీ పక్కన రాసిన అంకె గానీ చూసి దానికే తగిలించాలి. ర్యామ్ రెండో స్లాటులో వేస్తే మొత్తం 16 జీబీ, ఆ బోర్డుకి అదే పైహద్దు. రెండు ర్యాములూ వేరు వేరు స్పీడువైతే తక్కువదాని స్పీడులోనే నడుస్తాయి, భయం లేదు. హెచ్81లో కార్డు స్లాటు పాత తరం పీసీఐఈ 2.0 మాత్రమే, అయినా 1060 పదహారు లేన్లూ (డేటా వెళ్లే దారులు) వాడుకుంటుంది కాబట్టి పెద్దగా నష్టం ఉండదు. అదే ఎవరైనా ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు కొనుక్కోమంటే మాత్రం వినొద్దు, దానికి ఉన్నవి నాలుగు లేన్లే, ఈ బోర్డు మీద బాగా దెబ్బ తింటుంది.

టెన్షన్ పడాల్సింది ఎస్ఎంపీఎస్ గురించి. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన డబ్బా అయితే మీద 450 వాట్లని పెద్దగా రాసి ఉంటుంది, దాన్ని నమ్మకండి. పక్క మూత తీసి స్టిక్కరు మీద టార్చి వేసి చూడండి, +12వి అనే గడి కింద ఎన్ని ఆంపియర్లో ఉంటుంది. ఆ అంకెని 12తో గుణిస్తే వచ్చేదే ప్రాసెసర్‌కీ కార్డుకీ దొరికే అసలు పవరు. మీ ప్రాసెసర్ 84 వాట్లు, 1060 కార్డు 120 వాట్లు, రెండూ కలిపి 204. బోర్డు, డిస్కు, ఫ్యాన్లు దీనికి అదనం. కార్డుకి 6 పిన్ వైరు కూడా కావాలి. అది లేదని పాత హార్డ్‌డిస్క్ పిన్నుల నుంచి కన్వర్టర్ వైరు పెట్టి బిగించేవాళ్లున్నారు, నాసిరకం ఎస్ఎంపీఎస్ మీద ఆ పని చేస్తే ప్లగ్గు కాలి నల్లబడుతుంది, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు బోర్డూ కార్డూ రెండూ పోవచ్చు.

నేను మా వాళ్లందరికీ చెప్పే మాట ఒకటే, పాత బోర్డు మీద కొత్త డబ్బు పెట్టొద్దు, రేపు కొనే కంప్యూటర్‌లోకి కూడా పనికొచ్చేదాని మీదే పెట్టాలి. 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్న మంచి 500 వాట్ల ఎస్ఎంపీఎస్ మూడు నాలుగు వేలకి వస్తుంది, రేపు బోర్డు మార్చినా అదే వాడుకోవచ్చు. ఎస్ఎస్‌డీ, కార్డు కూడా అంతే. డీడీఆర్3 ర్యామ్ ఇంకోటి గానీ, ఈ సాకెట్‌కి పాత ఐ7 గానీ డబ్బిచ్చి కొంటే అవి ఇక్కడితోనే ఆఖరు.

చీమకుర్తి అక్క:
ఎస్ఎంపీఎస్ గురించి తమ్ముడు చెప్పింది బాగుంది, ఎర్తింగ్ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. హాల్లో టీవీ ప్లగ్గు పాత వైరింగ్ అయితే మూడో పిన్ను చాలా ఇళ్లలో ఉత్తదే. క్యాబినెట్‌కి చేయి తగిలితే జివ్వుమంటోందా లేదా ముందు చూడండి. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి, ఎర్త్ లేకపోతే దాదాపు సగం వోల్టేజీ ఆ రేకు మీదే నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువే, కానీ పిల్లలు ఉత్త కాళ్లతో నేల మీద కూర్చుని ఆడతారు కదా, పైగా స్విచ్ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు పెట్టి తీస్తుంటే టీవీ పోర్టు పోయే ప్రమాదం ఉంది. కార్డు కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

దుమ్ము ఇంకోటి. మా ఊళ్లో గ్రానైట్ పొడి, ఫ్యాన్ రెక్కల మీద పేరుకుపోతుంది, హీట్‌సింక్ సందుల్లో అట్ట కడుతుంది. మీ దగ్గర అంత ఉండదేమో గానీ రోహిణి కార్తె ఎండల్లో నెల్లూరు కూడా తక్కువేం కాదు. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ప్రాసెసర్ మీద పాత పేస్టు తుడిచి కొత్తది రాయించండి.

ఒంగోలు వాసి:
మీరంతా వాట్లు, ఎర్తింగ్ గురించే మాట్లాడుతున్నారు. అది కుటుంబం మొత్తం వాడే కంప్యూటర్ అని మర్చిపోతున్నారు. పిల్లలు ఎక్కడెక్కడివో మోడ్‌లు (గేముల్ని మార్చే ఫైళ్లు) దించుకునే మెషీన్‌లోనే ఈయన నెట్ బ్యాంకింగ్ చేస్తున్నారు, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోతే? పోయేది ఎస్ఎంపీఎస్ కాదు, అకౌంట్లో డబ్బు. నాకు అదే భయం.

కావలి రిపేర్లు:
అది మంచి మాట, నేనూ ఒప్పుకుంటాను. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ అయితే మైక్రోసాఫ్ట్ అకౌంటుతో గడువు దాటాక కూడా వచ్చే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకోవచ్చు, సెట్టింగులు బ్యాకప్ పెడితే డబ్బు కట్టనక్కర్లేదు. కానీ అది 2026 అక్టోబరు 13 వరకే. విండోస్ 11ని దొడ్డిదారిన ఎక్కించవచ్చని కొందరు చెబుతారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేకుండా అట్టా ఎక్కిస్తే వాలరంట్ తెరుచుకోదు, మీ అబ్బాయి ముందు అడిగేది ఆ గేమే అయి ఉంటుంది.

గూడూరు కుర్రోడు:
ఇంత గొడవెందుకన్నా, పినాకిని రైలెక్కితే చెన్నై, అక్కడ రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో ఆఫీసుల నుంచి వచ్చిన ఎనిమిదో తరం డెల్ టవర్లు దొరుకుతాయి. కార్డు తీసి అందులో పెడితే విండోస్ 11 కూడా వస్తుంది కదా.

కావలి రిపేర్లు:
ఆలోచన మంచిదే తమ్ముడూ, కొనే ముందు మూత తీయించి చూడాలి. ఆ ఆఫీసు డెల్ మెషీన్లు చాలావాటిలో బోర్డుకి పవర్ ప్లగ్గే వేరు, బయట దొరికే 24 పిన్ ఎస్ఎంపీఎస్ నేరుగా పట్టదు, లోపల ఉన్నదానికి కార్డు వైరు ఉండదు. సన్న క్యాబినెట్ అయితే 1060 అసలు దూరదు. అంతదూరం వెళ్లేవాళ్లు సెకండ్‌హ్యాండ్ బీ450 బోర్డు, రైజన్ 5 5600 ప్రాసెసర్ చూసుకోవడం మేలు. ఆ బోర్డులోని బయోస్ (స్విచ్ వేయగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి ఉండాలి, దానికి డీడీఆర్4 ర్యామ్ కొనాలి, ఆ ర్యామ్ రేట్లు 2025 చివరి నుంచి మండిపోతున్నాయి. అందుకే ఇప్పుడు ఆగమంటున్నాను.

నెల్లూరు నాన్న:
అందరికీ థాంక్స్. మూత తీసి చూశాం. స్టిక్కరు మీద 450 వాట్లు, +12వి కింద 16 ఆంపియర్లు. అంటే 192. ప్రాసెసర్, కార్డు రెండిటికే చాలదు. 6 పిన్ వైరు లేదు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, అది మామూలే అనుకున్నాం ఇన్నాళ్లూ. ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. ఎస్ఎంపీఎస్ కొంటాను, ఇంకేమీ కొనను. యూపీఎస్ 600 వీఏది ఉంది, సరిపోతుందా?

కావలి రిపేర్లు:
600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లే సార్. కంప్యూటర్ ఒక్కటే దాని మీద ఉంచండి, టీవీ వద్దు. గేము మధ్యలో కరెంటు పోయినప్పుడు బీప్ బీప్ అని ఆగిపోతే బ్యాటరీ ముసలిదయిందని అర్థం.

ఒంగోలు వాసి:
నా అభిప్రాయం మారలేదు, 2026 అక్టోబరు దాటితే ఆ మెషీన్ ఇంటర్నెట్‌లో ఉండకూడదు. అప్పటిదాకా బ్యాంకు పని ఫోన్లో చేసుకోండి, పిల్లలకి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకండి, వాళ్లకి వేరే యూజర్ అకౌంటు తెరవండి. ఆ ఎస్ఎంపీఎస్ కొనడానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు.

కావలి రిపేర్లు:
బిగించాక బొమ్మ రాలేదని కంగారు పడకండి. హెచ్‌డీఎంఐ వైరు వెనక పైనున్న బోర్డు పోర్టులో కాదు, కింద అడ్డంగా ఉండే కార్డు పోర్టులో పెట్టాలి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే మౌస్ కదిలించిన కాసేపటికి గానీ తెర మీద కదలదు, అప్పుడు మీ అబ్బాయి కార్డు బాలేదంటాడు.