34వ నంబరు జెర్సీ ఎవరిది: హకీమ్‌దా, షాక్‌దా?

స్కోర్‌బుక్:
ఎన్‌బీఏలో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఒక్కో నంబరు వేసుకున్నవాళ్ళలో అందరికన్నా గొప్ప ఆటగాడెవరో వరుసగా తేలుస్తున్నాం. 32 మ్యాజిక్ జాన్సన్‌కి వెళ్ళింది. 33 దగ్గర లారీ బర్డ్ అభిమానులు గట్టిగానే వాదించారు కానీ ఆరు ఎంవీపీలున్న (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు) కరీమ్ అబ్దుల్ జబ్బార్‌ని దాటలేకపోయారు. ఇప్పుడు 34. హకీమ్ ఒలాజువాన్, షకీల్ ఓనీల్ (షాక్), చార్లెస్ బార్క్‌లీ, పాల్ పియర్స్, రే అలెన్, యానిస్ బరిలో ఉన్నారు. నా ఓటు హకీమ్‌కి. 1994లో ఒకే సీజన్‌లో ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ తీసుకున్నాడు. ఆ పని ఇంకెవరూ చేయలేదు.

లేన్‌లో_లారీ:
షాక్. 2000, 2001, 2002 వరుసగా మూడు టైటిళ్ళు, మూడుసార్లూ ఫైనల్స్ ఎంవీపీ. 2000లో ఇండియానా మీద సగటున 38 పాయింట్లు కొట్టాడు. అన్నీ లేకర్స్ జట్టు 34 జెర్సీలోనే. ఇందులో చర్చించడానికి ఏముంది?

రాకెట్ల_ఊరు:
1995 ఫైనల్స్ ఉంది తమ్ముడూ. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. హకీమ్ జట్టు హ్యూస్టన్ 4-0తో షాక్ అప్పటి జట్టు ఓర్లాండోని ఊడ్చేసింది. హకీమ్ సగటు 32.8, షాక్‌ది 28. నేను అప్పటికి హ్యూస్టన్‌లోనే ఉన్నాను, ఆ ఊరు ఊరంతా రోడ్డు మీదకు వచ్చింది. ముఖాముఖిలో ఓడినవాణ్ణి గెలిచినవాడి కంటే పైన ఎలా పెడతావు?

లేన్‌లో_లారీ:
అన్నా, ఆ సిరీస్‌లో షాక్ వేసుకున్నది 32. ఓర్లాండోలో ఉన్నంతకాలం అదే నంబరు. లేకర్స్‌కి వచ్చేసరికి అక్కడ 32 మ్యాజిక్ పేరుమీద రిటైరైపోయింది, ఇంకెవరికీ ఇవ్వరు కాబట్టి 34 తీసుకున్నాడు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాత కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు) 34కి 34 ఎదురుపడింది 1999లో, మొదటి రౌండ్‌లో. లేకర్స్ 3-1తో గెలిచారు.

గోదారి_గట్టు:
యానిస్‌ని ఎవరూ పట్టించుకోరేం? 2021 ఫైనల్స్ ఆరో గేమ్‌లో 50 పాయింట్లు కొట్టి మిల్వాకీకి కప్పు తెచ్చాడు.

రాకెట్ల_ఊరు:
1999లో హకీమ్‌కి 36 ఏళ్ళు. 1995లో షాక్ చిన్నవాడు, 23 ఏళ్ళే అని మీవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వయసు మీకైతే లెక్కలోకి వస్తుంది, మాకైతే రాదా? సరే, జెర్సీ నంబరే పట్టుకుందాం. అప్పుడు 2006లో మయామీలో గెలిచిన టైటిల్ కూడా తీసెయ్. అక్కడ మళ్ళీ 32కే వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ 34 మిగిలింది నీకు. హకీమ్ హ్యూస్టన్‌లో 1984 నుంచి 2001 దాకా వేరే నంబరు ముట్టుకోలేదు. బార్క్‌లీ అంతటివాడు హ్యూస్టన్ వచ్చినప్పుడు 34 వదిలేసి 4 వేసుకోవాల్సి వచ్చింది.

మూడో_పాయింట్:
2013 ఫైనల్స్ ఆరో గేమ్‌లో మయామీని ఓటమి నుంచి కాపాడిన మూడు పాయింట్ల షాట్ రే అలెన్ కొట్టింది 34లోనే. బోస్టన్‌లో మాత్రం పియర్స్ ఉన్నాడని 20 వేసుకున్నాడు.

స్కోర్‌బుక్:
నియమం మొదటి నుంచీ ఒకటే. ఆ నంబరుతో ఆడిన కాలమే లెక్క. 23 దగ్గర కూడా లెబ్రాన్ మయామీ టైటిళ్ళు పక్కన పెట్టాం, అక్కడ వేసుకున్న 6వ నంబరు లెక్కలోకి అవి వెళ్ళాయి. కాబట్టి 1995 షాక్ ఓటమిగా 34లోకి రాదు, కానీ హకీమ్ గెలుపుగా వస్తుంది.

లేన్‌లో_లారీ:
చికాగో స్టార్ జోర్డాన్ బాస్కెట్‌బాల్ వదిలి బేస్‌బాల్‌కి వెళ్ళకపోతే హకీమ్‌కి 1994, 1995లో ఆ రెండు కప్పులూ వచ్చేవా?

రాకెట్ల_ఊరు:
1995 మార్చిలో జోర్డాన్ తిరిగొచ్చాడు. ప్లేఆఫ్స్ ఆడాడు, ఓర్లాండో చేతిలో ఓడిపోయాడు. ఆ ఓర్లాండోనే మేం ఊడ్చాం. ఆ ఏడాది మాది ఆరో సీడ్, అంటే మా వైపు జట్లలో ఆరో ర్యాంకు. యూటా, ఫీనిక్స్, శాన్ ఆంటోనియో అన్నిటినీ దాటుకుంటూ వచ్చాం. శాన్ ఆంటోనియో ఆటగాడు, ఆ సీజన్ ఎంవీపీ డేవిడ్ రాబిన్సన్‌ని ఆ సిరీస్‌లో హకీమ్ ఏం చేశాడో ఒకసారి వీడియో పెట్టుకుని చూడు.

అసలు విషయం చెప్తాను. షాక్ ఆటలో నేర్చుకున్నదేముంది? ఏడడుగుల పైన పొడవు, 300 పౌండ్ల పైన బరువు. వీపుతో నెట్టుకుంటూ రింగు కిందకి వెళ్ళి డంక్ చేయడమే. ఫ్రీత్రోలు (ఫౌల్‌కి దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్లు) చూస్తే రెండింటిలో ఒకటే పడుతుంది. హకీమ్ లాగోస్‌లో హ్యాండ్‌బాల్ ఆడాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. పదిహేనేళ్ళు దాటాకే బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. ఆ కాళ్ళ కదలిక నేర్చుకోడానికి కోబీ వచ్చాడు, లెబ్రాన్ వచ్చాడు. షాక్ దగ్గరికి వెళ్ళి ఏం నేర్చుకుంటారు? ఆ ఒళ్ళు తెచ్చుకుంటారా?

లేన్‌లో_లారీ:
వచ్చింది బయటికి. జెర్సీ నంబర్లూ, వయసులూ పక్కన పెట్టండి, మీ మనసులో ఉన్నది ఇదే.

నేను ఇంటర్ కాలేజీ టోర్నమెంట్లలో సెంటర్ ఆడాను. ఒళ్ళున్నవాణ్ణి. ఏ షాట్ వేసినా "నీకేంరా, ఒళ్ళుంది" అనేవాళ్ళు. నా మీద ఇద్దరు వేలాడినా విజిల్ పడేది కాదు, నేను తిరిగితే ఫౌల్. సెలక్షన్‌లో నాకన్నా తక్కువ పాయింట్లు కొట్టిన సన్నటి కుర్రాణ్ణి తీసుకుని, వాడిలో ఆట ఉంది, నీలో బలం ఉంది అన్నారు. బలం పెట్టి ఎప్పుడు తిరగాలో, ఏ కాలు ముందు వెయ్యాలో, ఇద్దరు మీదకొస్తే బంతి ఎవరికివ్వాలో నేర్చుకోడానికి ఎంత కష్టపడ్డానో ఎవరూ అడగలేదు. షాక్ విషయంలోనూ అదే జరుగుతోంది. అంత బరువుతో ఆ స్పిన్ ఇంకెవడు చేశాడు? ఒళ్ళుంటే చాలనుకుంటే ఆ లీగ్‌లో ఏడడుగుల వాళ్ళు చాలామందే ఉన్నారుగా. 2001లో లీగ్ జోన్ డిఫెన్స్‌కి (ఒక్కో ఆటగాణ్ణి కాకుండా కోర్టులో ఒక్కో చోటును కాపాడడం) అనుమతిచ్చింది. ఆ నియమం వచ్చాక 2002 ఫైనల్స్‌లోనే న్యూజెర్సీ మీద సగటున 36 పైగా కొట్టి 4-0తో ముగించాడు.

రాకెట్ల_ఊరు:
నీకు జరిగింది అన్యాయమే తమ్ముడూ, కాదనను. నాకు జరిగింది కూడా విను. మా కాలేజీ జట్టులో నాది డిఫెన్స్. అవతలి జట్టులో బాగా ఆడేవాణ్ణి ఆపడమే నా పని. స్కోర్ షీట్‌లో బ్లాకులు (అవతలివాడి షాట్‌ని గాల్లోనే ఆపడం) రాసేవాళ్ళే కాదు. నేను ఆపినవాడు మామూలుగా కొట్టేదాంట్లో సగం కూడా కొట్టకపోయినా, బహుమతి ఎప్పుడూ ఎక్కువ బుట్టలు వేసినవాడికే. అందుకే హకీమ్ అంటే నాకు అంత ఇది. 3830 బ్లాకులు, లీగ్ చరిత్రలో మొదటి స్థానం. 1994 ఫైనల్స్ ఆరో గేమ్ ఆఖరి క్షణంలో న్యూయార్క్ ఆటగాడు జాన్ స్టార్క్స్ షాట్‌ని వేలి చివరతో తాకి కప్పు నిలబెట్టాడు. షాక్‌కి ఉత్తమ డిఫెండర్ అవార్డు ఒక్కసారి కూడా రాలేదు. కోర్టు రెండు సగాలు కదా.

తెల్లారి_ఆట:
పొద్దున ఆరింటికి లేచి ఫైనల్స్ చూసేదాన్ని, నాకూ ఒక మాట. మీరిద్దరూ మీ మీ సెలక్టర్లతో పోట్లాడుతున్నారు. ఒకాయన ఆపడాన్ని లెక్కపెట్టమంటున్నారు, ఒకాయన బలాన్ని ఆటగా ఒప్పుకోమంటున్నారు. సూటిగా చెప్పండి. ఒక్క గేమ్ గెలిచి తీరాలి, ఎవర్ని దించుతారు?

రాకెట్ల_ఊరు:
1995 హకీమ్. ఆఖరి రెండు నిమిషాల్లో అవతలివాళ్ళు కావాలని ఫౌల్ చేసి ఫ్రీత్రో లైన్‌కి పంపుతారేమోనని భయపడక్కర్లేదు.

స్కోర్‌బుక్:
ఇప్పటిదాకా హకీమ్ ముందున్నాడు. ఆదివారం దాకా ఓటు వెయ్యొచ్చు.

లేన్‌లో_లారీ:
2001 షాక్. ఆ ప్లేఆఫ్స్‌లో లేకర్స్ 15 గెలిచి ఒక్కటే ఓడారు. లైన్‌కి పంపడం గురించి అన్నారు కాబట్టి ఇది కూడా రాసుకోండి. 2000 ఫైనల్స్ రెండో గేమ్‌లో ఇండియానా అదే పని చేసింది. షాక్‌తో 39 ఫ్రీత్రోలు వేయించింది. 18 పడ్డాయి, 21 పోయాయి. అయినా 40 పాయింట్లు, 24 రీబౌండ్లు (పడని షాట్ తర్వాత బంతి అందుకోవడం). గెలిచింది లేకర్సే.