మీటర్‌లో 263 వోల్టులు చూపిస్తోంది, తప్పు కరెంటుదా మీటర్‌దా?

కొత్తమీటర్: అందరికీ నమస్తే. రెండు నెలల్లో రెండు ఫ్యాన్ రెగ్యులేటర్లు పోయాయి, వోల్టేజీ ఎక్కువొస్తోందేమో అని ఎప్పుడో కొన్న పసుపు రంగు డిజిటల్ మల్టీమీటర్ ప్లగ్గులో పెడితే 263 చూపించింది, లైన్‌మేన్ వచ్చి ఆయన మీటర్ పెడితే 236 అన్నాడు. ఇంకో విచిత్రం, స్విచ్ ఆపినా బల్బు హోల్డర్‌లో 35 వోల్టులు. స్టెబిలైజర్ కొనమంటారా?

సోల్డర్‌పొగ: ఆగండి బాబూ కొనకండి. మీటర్ వెనక మూత తీసి అందులో 9 వోల్టుల బ్యాటరీ మార్చండి ముందు. ఇలాంటి చవక మీటర్లలో బ్యాటరీ బాగా దిగిపోతే లోపలి రిఫరెన్స్, అంటే కొలతకి ఆధారంగా పెట్టుకునే వోల్టేజీ, కూడా దిగిపోతుంది, దాంతో పోల్చి చూసేది కాబట్టి ప్రతిదీ ఎక్కువ చూపిస్తుంది, నంబర్ మాత్రం ఏ అనుమానం రాకుండా నిలకడగా ఉంటుంది, అదే మోసం. మార్చేముందు కొత్త పెన్సిల్ సెల్ ఒకటి డీసీలో కొలవండి, 1.6 దగ్గర రావాలి.

పైపులోవైరు: ఆ 35 దొంగ వోల్టేజీ అండి. ఒకే పైపులో కరెంటున్న వైరు పక్కనే ఈ వైరు కూడా పోతుంది కదా, రెండూ కలిసి చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి, అంటే ఒకదానికొకటి తగలకపోయినా కాస్త కరెంటు ఇటు దాటుతుంది. మీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా కాబట్టి అది కనిపిస్తుంది. హోల్డర్‌లో పాత ఫిలమెంట్ బల్బు పెట్టి చూడండి, అది దొంగదైతే సున్నాకి పడిపోతుంది. కొన్ని ఎల్‌ఈడీ బల్బులు ఆపినా రాత్రి మిణుకుమనేది కూడా దీనివల్లే. కానీ స్విచ్ ఫేజ్‌లో ఉందో న్యూట్రల్‌లో ఉందో చూసుకోండి, న్యూట్రల్‌లో ఉంటే ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉన్నట్టే.

నిచ్చెనమీద: టెస్టర్ వెలగలేదని కూడా నమ్మొద్దు అన్నా. పట్టపగలు, చెక్క స్టూలు మీద, కాళ్లకి రబ్బరు చెప్పులు, వీటివల్లే టెస్టర్ వెలుగు కనపడలేదని తెలీక వైరు పట్టుకున్నా, మా ఆవిడ ఇప్పటికీ ఆ కేక గుర్తు చేస్తుంది. అప్పట్నుంచి ముందు కరెంటున్న ప్లగ్గులో చూసి, తర్వాత ఆ వైరు చూసి, మళ్లీ ప్లగ్గులో చూసి అప్పుడే ముట్టుకుంటున్నా.

కొత్తమీటర్: సోల్డర్‌పొగ గారూ దండం. సెల్ 1.78 చూపించింది, బ్యాటరీ మార్చాక 1.6, ప్లగ్గులో 235! ఫిలమెంట్ బల్బు పెట్టగానే ఆ 35 కూడా మాయం. రెగ్యులేటర్ల సంగతి, నిన్న మెయిన్ ఆపి బోర్డు విప్పితే ఫ్యాన్ న్యూట్రల్ స్క్రూ స్క్రూడ్రైవర్ లేకుండా వేలితోనే తిరిగింది, వైరు చివర నల్లగా కాలి ఉంది. బిగించా, చూడాలి.