కాంటూర్ కటింగ్‌లో గీత జరుగుతోంది: తప్పు ప్లాటర్‌దా, ప్రింటుదా?

కొత్తషాపు_గుంటూరు
అందరికీ నమస్కారం. ఆర్నెల్ల కిందట రెండడుగుల చైనా ప్లాటర్ (స్టిక్కరు షీటును బ్లేడుతో కోసే మిషన్) కొన్నాను, 42 వేలు అయింది. ఎక్కడ కోయాలో చూపడానికి ప్రింటు మీద వేసే నల్ల మార్కులు చదివే సెన్సర్ ఉంది. రేడియం పనికి, అంటే బైకు నంబర్లు, ఆటో వెనక పేర్లకు, ఇంతవరకు ఒక్క కంప్లయింటు రాలేదు. ఇప్పుడు పచ్చళ్ల సీసాలకు లేబుళ్ల ఆర్డరు దొరికింది. మామిడాకు ఆకారం, చుట్టూ సన్నటి ఎర్ర బోర్డరు. ప్రింటూ గ్లాసీ లామినేషనూ బయట చేయించి, బొమ్మ చుట్టూ కోసే కాంటూర్ కటింగ్ నా దగ్గర చేస్తున్నాను. మూడు మీటర్ల షీటులో మొదటి వరుసలు అచ్చు గుద్దినట్టు వస్తాయి. చివరికి వెళ్లేసరికి గీత మూడు, మూడున్నర మిల్లీమీటర్లు జరుగుతోంది. ఒక పక్క బోర్డరు మాయం, ఇంకో పక్క తెల్లంచు. రెండు షీట్లు చెత్తలో పోయాయి. దీన్నే బాగు చేసుకోవాలా, అమ్మేసి జపాన్ కంపెనీల గ్రాఫ్‌టెక్ గానీ రోలాండ్ గానీ తీసుకోవాలా? సీజన్ మొదలైంది, టెన్షన్‌గా ఉంది.

రేడియం_మాస్టర్_బెజవాడ
అమ్మెయ్యండి. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. చవక ప్లాటర్లలో చాలావాటికి స్టెప్పర్ మోటారు ఉంటుంది. ఇన్ని స్టెప్పులు వెయ్యమంటే వేస్తుంది, వేశానో లేదో దానికే తెలియదు. రేడియంలో అరమిల్లీ అటూ ఇటూ అయినా కనపడదు, ఎందుకంటే అక్కడ సరిపోల్చుకోడానికి ప్రింటు లేదు. కాంటూర్‌లో పక్కనే ప్రింటు ఉంటుంది, దొంగ దొరికిపోతాడు. గ్రాఫ్‌టెక్‌లో ఎంత తిరిగిందో తనే చూసుకునే సర్వో మోటారు, మార్కులు చదవడానికి ఆర్మ్స్ సిస్టమ్ ఉంటాయి. పొడుగు షీటయితే మధ్య మధ్యలో కూడా మార్కులు చదివి సరిదిద్దుకుంటుంది. 42 వేలలో అది రాదు.

ఫ్లెక్స్_బాబాయి
బ్లేడు మార్చి చూడు తమ్ముడూ. మొన కోణం 60 డిగ్రీలది వెయ్యి.

పాత_బ్లేడు_వరంగల్
మాస్టారు, పేషెంటును చూడకుండానే ఆపరేషన్ రాసేశారు. సర్వో మోటారుకి కూడా షీటు జారితే తెలియదు. అందులో ఉండే ఎన్‌కోడర్ మోటారు ఎంత తిరిగిందో చూస్తుంది గానీ వినైల్ (స్టిక్కరు షీటు) ఎంత కదిలిందో చూడదు.

గుంటూరు అన్నా, మిషన్ని ముట్టుకోకముందు ఒక పని చేయండి. స్టీలు టేపు తీసుకుని, లామినేషన్ అయిన షీటు మీద మొదటి మార్కు నుంచి చివరి మార్కు దాకా కొలవండి. ఫైల్లో ఎంతుంది, షీటు మీద ఎంతుంది? ప్రింటరు ఫీడ్ (షీటును ముందుకు లాగే కొలత) సరిగ్గా సెట్ చేయకపోతే మీటరుకి ఒక మిల్లీ తగ్గడమో పెరగడమో చాలా మామూలు. ఫ్లెక్సులో ఎవరికీ తెలియదు, లేబుల్లో తెలుస్తుంది. ఇంకోటి, సాల్వెంట్ ఇంకుతో వేసిన ప్రింటుని 24 గంటలన్నా ఆరనిచ్చారా? తడి మీదే లామినేషన్ వేస్తే సాల్వెంట్ లోపలే ఉండిపోయి గమ్ మెత్తబడుతుంది, అంచులు లేస్తాయి, బ్లేడుకి జిగురు పడుతుంది.

కొత్తషాపు_గుంటూరు
ప్రింటు వాళ్లది పెద్ద మిషన్ అండీ, వాళ్ల దగ్గర తప్పు ఉండదనుకుంటున్నాను. బ్లేడు 45దే, కొత్తది.

ఫ్లెక్స్_బాబాయి
అదే చెప్తున్నా, 60 వెయ్యి.

రేడియం_మాస్టర్_బెజవాడ
బాబాయి గారూ, 60 డిగ్రీలది రిఫ్లెక్టివ్‌కీ, మందపాటి మెటీరియల్‌కీ. ఇక్కడ వినైలూ లామినేషనూ కలిపినా 0.2 మి.మీ. ఉండదు, 45 చాలు. లోతు ఎక్కువైతే లైనర్ (వెనక కాగితం) తెగి లేబుళ్లు షీటు మీంచి రాలిపోతాయి. బ్లేడు ఆఫ్‌సెట్ (మొన బ్లేడు మధ్య నుంచి ఎంత పక్కకుందో ఆ కొలత) తప్పయితే ఆకు కొన దగ్గర గీత కలవదు, లేదా కొన గుండ్రంగా వస్తుంది. ఈయన సమస్య అది కాదు, గీత మొత్తంగా జరుగుతోంది. అందుకే మిషన్ అంటున్నాను. పరీక్ష కావాలంటే బ్లేడు తీసి పెన్ను బిగించండి. ఖాళీ షీటు మీద మూడు మీటర్ల పెట్టె ఒకటి గీయించండి, షీటు తియ్యకుండా అదే ఫైలు మళ్లీ పంపండి. రెండో గీత మొదటి గీత మీద పడకపోతే మీ మిషన్ సంగతి మీకే తెలుస్తుంది.

స్టిక్కర్_కరీంనగర్
నాకూ సేమ్ ప్రాబ్లం. ఫాలో అవుతున్నా.

పాత_బ్లేడు_వరంగల్
పెన్ను పరీక్ష మంచిదే, చేయండి. ముందు షీటు కొలవమని అడిగాను, దానికి జవాబు లేదు. ఇంకో అనుమానం. గ్లాసీ లామినేషన్ మీద వెలుగు పడి తిరగ్గొడితే సెన్సర్‌కి నల్ల మార్కు కనపడదు. మీకు అన్ని మార్కులూ చదువుతోందా?

కొత్తషాపు_గుంటూరు
అది చెప్పడం మర్చిపోయాను. అవతలి చివర మార్కులు ఒక్కోసారి దొరకలేదని ఎర్రర్ వస్తుంది. అందుకని సాఫ్ట్‌వేర్‌లో ముందు రెండు మార్కులే పెట్టి కట్ ఇచ్చేస్తున్నాను.

పాత_బ్లేడు_వరంగల్
ఇది ముందు చెప్పాలి కదన్నా! ముందు రెండు మార్కులు చదివితే షీటు వంకరగా పెట్టారో లేదో మాత్రమే దానికి తెలుస్తుంది. పొడుగు ఎంతో దానికెవరు చెప్పాలి? ఫైల్లో ఉన్న పొడుగే నిజమనుకుని కోసుకుంటూ పోతుంది. మిషన్ కళ్లు మీరే మూసి, గుడ్డిదని అమ్మబోతున్నారు. మార్కుల మీద లామినేషన్ లేకుండా చూడండి, లేదంటే మార్కు మీద మ్యాట్ టేపు ముక్క అంటించండి. మిషన్ గుమ్మానికి ఎదురుగా ఉంటే ఎండ పడకుండా కర్టెన్ వేయండి.

రేడియం_మాస్టర్_బెజవాడ
టేపు ముక్కలు, కర్టెన్లు! షీటుకి నాలుగు టేపులంటే 200 షీట్లకు ఎన్ని? మీకు టైముకి విలువ లేదేమో. ఇవన్నీ చేసి నడిపించే మిషన్ని మిషన్ అనరు, అత్తగారు అంటారు. మీరు ఇంత గట్టిగా చైనా వాటిని వెనకేసుకొస్తున్నారు, అమ్ముతారా ఏంటి?

పాత_బ్లేడు_వరంగల్
అమ్మను. ఎందుకు వెనకేసుకొస్తానో చెప్తా వినండి. నేనూ లోను పెట్టి జపాన్ మిషన్ కొన్నవాణ్నే. 2018 డిసెంబరు ఎన్నికలకు ముందు, సరిగ్గా పని మీద పడే టైంలో మెయిన్ బోర్డు పోయింది. డీలరు ఇవాళ వస్తారు, రేపు వస్తారు అంటూ 22 రోజులు తిప్పాడు. వచ్చినవాడు కవర్ తీసి, మూసి, బోర్డు తెప్పించాలన్నాడు. దాని ధరకు ఇప్పుడు ఈ తమ్ముడి మిషన్ వస్తుంది. ఎన్నికల పనంతా పక్క షాపుకి పోయింది. మిషన్ చెడ్డదని అనను, గీత చాలా బాగుండేది. కిస్తీ మాత్రం దాని గీత బాగుందని ఆగలేదు. ఇప్పుడు నా దగ్గర రెండు చవక ప్లాటర్లున్నాయి. ఒకటి పోతే ఇంకోటి నడుస్తుంది.

స్టిక్కర్_కరీంనగర్
ఈ గొడవంతా ఎందుకు, ప్రింట్ అండ్ కట్ రెండూ ఒకే మిషన్లో వస్తాయి కదా?

రేడియం_మాస్టర్_బెజవాడ
లామినేషన్ కోసం షీటు బయటికి తియ్యాలి కదండీ. మళ్లీ ఎక్కించాక మార్కులు చదవాల్సిందే, కథ మొదటికే. లామినేషన్ లేని పనికయితే హాయి.

వరంగల్ గారూ, మీ బాధ అర్థమైంది. నాదీ వినండి. నా దగ్గర కోసిన షీటులో వేస్ట్ పీకడం దగ్గర్నుంచి నేర్చుకున్న కుర్రాడు ఎదురు సందులో చవక ప్లాటర్ పెట్టాడు. నా రేటులో సగానికి చేస్తాడు. బోర్డరు ఒక పక్క లేకపోయినా ఆర్డరిచ్చే పార్టీకి "లేబుల్ అంటే ఇంతే" అని నేర్పించాడు. ఇప్పుడు నేను సరిగ్గా కోసిచ్చినా "వాడు ఇంతకే ఇస్తాడు" అంటారు. ఈ మిషన్లొచ్చాక పని తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా పోయింది.

పాత_బ్లేడు_వరంగల్
ఇప్పుడు అసలు మాట బయటపడింది. మీ కోపం స్టెప్పర్ మోటారు మీద కాదు. పద్దెనిమిదేళ్ల కింద మీరు ప్లాటర్ పెట్టినప్పుడు చేత్తో బోర్డులు రాసే ఆర్టిస్టులు మిమ్మల్ని ఏమన్నారో గుర్తుందా?

రేడియం_మాస్టర్_బెజవాడ
మా నాన్నగారు బోర్డు ఆర్టిస్టే. ఏమన్నారో నాకు బాగా గుర్తుంది. ఆ విషయం ఇక్కడ వద్దు.

పాత_బ్లేడు_వరంగల్
తెలియక అన్నాను మాస్టారు, ఏమనుకోకండి.

ఫ్లెక్స్_బాబాయి
బ్లేడు మార్చాడా లేదా ఎవరన్నా చెప్పండి.

కొత్తషాపు_గుంటూరు
రెండు పరీక్షలూ చేశాను. మార్కు నుంచి మార్కుకి ఫైల్లో 2960 మిల్లీలు, షీటు మీద 2957న్నర. పెన్ను పరీక్షలో మీటరు దాకా గీత మీద గీత పడింది, మూడు మీటర్ల దగ్గర ఒక మిల్లీ తేడా వచ్చింది. వంగి చూస్తే కుడి పక్క పించ్ రోలరు (షీటును పైనుంచి నొక్కేది) కింద గ్రిట్ రోలరు (షీటును కదిపే గరుకు రోలరు) సగమే ఉంది, మిగతా సగం గాల్లో. పైగా నిండు రోలు నుంచి మిషనే లాక్కుంటోంది.

పాత_బ్లేడు_వరంగల్
రెండున్నర ప్రింటుది, ఒకటి మిషన్‌ది. మూడున్నర. నేను చెప్పలేదా?

రేడియం_మాస్టర్_బెజవాడ
ఆ ఒకటి ఎక్కడిది? నేనూ చెప్పాను.

రోలరు సరిగ్గా గ్రిట్ మీదకి జరపండి, రోలు ముందే విప్పి వదులుగా పెట్టండి, స్పీడు తగ్గించండి. మూడు మీటర్లు ఒకేసారి వద్దు, మీటరుకొక సెట్ మార్కులు వేయించండి. డిజైన్‌లో బోర్డరు రంగు కట్ గీత దాటి ఒకటిన్నర మిల్లీ బయటికి ఉండాలి, తెల్లంచు సమస్యే రాదు.

కొత్తషాపు_గుంటూరు
మీటరు సెట్లతో చేశాను, మార్కుల మీద టేపు వేసి. చివరి వరుస కూడా బోర్డరు మీదే తెగింది. పక్క నుంచి చూస్తే పావు మిల్లీ ఉందేమో తేడా. ఇద్దరికీ థాంక్స్. ఈ సీజన్‌కి ఇదే మిషన్‌తో లాగేస్తాను.

రేడియం_మాస్టర్_బెజవాడ
సంతోషం. ఒక్క మాట. మామిడాకు, ఎర్ర బోర్డరు అన్నారు కదా. పార్టీది మంగళగిరి వైపా?

కొత్తషాపు_గుంటూరు
అవునండీ. మీకెలా తెలుసు?

రేడియం_మాస్టర్_బెజవాడ
లేబులు ఎంతకిచ్చారు?

కొత్తషాపు_గుంటూరు
రూపాయి పావలా.

రేడియం_మాస్టర్_బెజవాడ
నేను రెండున్నర చెప్పాను.